మూడు సూర్యుల సాయంత్రం

మా అక్క పోయింది. సైదాబాద్‌లో ఉండే తమ్ముడు పొద్దున్నే వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పెద్దక్క ఇగ లేదక్కా" అన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. జహనుమాలోని మా పుట్టింటికి నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. "గా లేని సూర్యుల ముచ్చట చెప్పకపోతే, పిల్లాజెల్లతోని ఉండేది పాపం" అంది ఒక బంధువు. మా బాపు తల ఊపాడు. అది చూశాకే ఇది రాయాలనిపించింది.

అరవైల చివర్లో ఒక చలికాలం. అక్కను చూడడానికి పెళ్ళివారు వచ్చారు. మాటలు దాదాపు కుదిరాయి. బాపు పెళ్ళికొడుకుకు మిద్దె చూపిస్తానని పైకి తీసుకెళ్ళాడు. చాయ్ పట్టుకుని అక్క, వెనకాలే నేను ఎక్కాం.

పొద్దు వాలుతోంది. పలచటి మబ్బులో సూర్యుడికి అటొకటి, ఇటొకటి మరో రెండు సూర్యులు. లోపలి అంచు ఎర్రగా, బయటికి తెల్లటి తోక. అక్క సిగ్గు సంగతే మరిచిపోయింది. "బాపూ, జెర అటు సూడు! మూడు సూర్యులు!"

బాపు నోరు తెరిచి చూశాడు. పెళ్ళికొడుకు ఆమె పక్కకొచ్చి, "మస్తుంది! గిదేంది?" అన్నాడు.

"గా మబ్బులల్ల మంచు పలుకులుంటయి. ఎండ వాట్లల్ల దూరి వంగుతది" అంది అక్క.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

కింద కూర్చున్న అతని తల్లికి ఆ కేక వినబడింది. మేం దిగగానే, "మూడు సూర్యులా? అరిష్టం. నిజంగ చూసిండ్రా?" అని అడిగింది.

"నాకేం కనవడలే చెల్లెమ్మా" అన్నాడు బాపు. పెళ్ళికొడుకు తల దించుకుని, "నాకు గూడ కనవడలేదమ్మా" అన్నాడు.

"మరి నీ బిడ్డ ఏంది, గట్ల అరిచింది?"

బాపు అక్క వైపు తిరిగాడు. "కండ్లు చెదిరినయని చెప్పు బిడ్డా."

"చూసిన. మీరు గూడ చూసిండ్రు" అంది అక్క. నేనూ చూశానని అరిచాను; బాపు నా నోరు మూశాడు. పక్కింటి ఖాలా గోడ అవతల నుంచి, "నేను గూడ చూసిన భాయ్! అల్లా రోషనీ అది, అండ్ల తప్పేముంది?" అంది.

పెళ్ళివారు వెళ్ళిపోయారు. లేనిది చూస్తుంది, పిల్లకు మతి సరిగా లేదని చుట్టాలంతా చెప్పుకున్నారు. మళ్ళీ ఏ సంబంధమూ రాలేదు. అక్క టెలిఫోన్ ఆఫీసులో చేరింది. నేనూ తమ్ముడూ చదువుకున్నది, బాపు మందులు మింగింది ఆమె జీతంతోనే. చలికాలమొస్తే అక్క మిద్దె ఎక్కుతూనే ఉండేది. సూర్యుడిని అరచేత్తో కప్పి చుట్టూ ఎలా చూడాలో నాకు ఆమే నేర్పింది. కానీ ఏం కనబడినా ఇక ఎవరినీ కేకేసి పిలవలేదు.

ఆ పెళ్ళికొడుకు మీద కోపమా అని ఒకసారి అడిగాను. "వద్దన్నందుకు కాదే. చూసి చూడలేదన్నడు" అంది. బాపు గురించి ఏమీ అనలేదు. ఆయనకు రోజూ అన్నం వడ్డించింది.

రిటైరు కావడానికి ఏడాది ఉందనగా, పోయిన చలికాలం మలక్‌పేట బస్టాపులో, రోడ్డుకు అవతల, డ్యూటీ దిగి వస్తున్న అక్క కనబడింది. జనం మధ్య నిలబడి, చేయి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. నేను రోడ్డు దాటి దగ్గరకొచ్చేసరికి ఎవరో పెద్దమనిషి అడుగుతున్నాడు: "ఏం చూస్తున్నవమ్మా?"

అక్క చేయి దించింది. "ఏం లేదు."

ఆయన బస్సెక్కి పోయాడు. ఆమె తల మీద, సూర్యుడి చుట్టూ గుండ్రంగా, ఇంత పెద్ద వరదగుడి.