గుంతలోంచి చెప్పిన నీళ్ళ రేటు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనెట్లా ఉండేదాన్నో తలచుకుంటే వేరే ఎవరి గురించో వింటున్నట్టే ఉంటుంది. అప్పట్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. విడమరిచి చెబితే జనం వింటారన్నది ఒకటి, విడమరిచి చెప్పడం నాకు బాగా వచ్చన్నది ఇంకొకటి. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న మా నాయనకు ఏనాడూ ఒక్క మాట నచ్చజెప్పలేకపోయిన దాన్ని, హిందూపురం వార్డు సచివాలయంలో ఉద్యోగం రాగానే ఊరికంతా నచ్చజెబుతానని బయలుదేరాను.

చేరీ చేరకముందే నీళ్ళ రేటు పెంచే పని నా నెత్తిన పడింది. భూమిలో ఉన్న పైపులు మా అవ్వల కాలం నాటివి. (ఎప్పుడు వేశారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎక్కడ వేశారో కూడా తెలియదని తవ్వడం మొదలుపెట్టాక తెలిసింది.) నీళ్ళు వదిలితే సగం దారిలోనే కారిపోతాయి, కాలువ మురుగేమో లోపలికి వస్తుంది. కొత్త పైపులు వేయాలంటే జనం కట్టే రేటు పెరగాలి. దానికి తోడు మా ఇంజినీరు మేడం ఒక షరతు పెట్టింది. ఏ వీధివాళ్ళు పెంపుకు ఒప్పుకుని, కొళాయి గుంతలు పూడ్చుకుంటారో ఆ వీధికే ముందు పైపు. కాదంటే వరుసలో వెనక్కి పోవాల్సిందే, మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ కొళాయి గుంత సంగతి కొంచెం చెప్పాలి. పాత పైపులో నీళ్ళకు పైకి ఎక్కే బలం ఉండదు కాబట్టి, ఇంటి ముందు గుంత తవ్వి కొళాయినే కిందికి దించుతారు. పక్కింటివాళ్ళు ఇంకో జానెడు లోతు తవ్వితే నీళ్ళు అటు పోతాయి. అప్పుడు వీళ్ళు మళ్ళీ గడ్డపార పడతారు. ఊరంతా మేడలు పైకి లేస్తుంటే నాకిచ్చిన వీధి మాత్రం కిందికి పోటీ పడుతూ ఉండేది. ఆ పోటీలో మహారాణి గుంతలవ్వ. వీధిలో అందరికన్నా లోతైన గుంత ఆమెది. దిగడానికి రాతిమెట్లు, పండగొస్తే ఆ మెట్లకు ముగ్గు కూడా. నీళ్ళు ముందు ఆమె గుంతలోకే వచ్చేవి, ఆమె చాలనుకున్నాకే తక్కినవాళ్ళకు. అలాగని పిసినారి మనిషి కాదు. తన బిందెలు నిండగానే, చుక్క నీళ్ళు ఎక్కని మిట్టమీది ఇళ్ళకు తన గుంతలోంచే ధారాళంగా పట్టి ఇచ్చేది. అందుకే వీధంతా ఆమె మాట మీద నడిచేది. ఆమె ఔనంటే ఔను, కాదంటే కాదు.

ఆమెను ఒప్పించడానికి పోయే రోజున నేను నాయన నేసిన పట్టుచీర కట్టుకున్నాను. "గవర్మెంటు పని మీద పోతాండావు, కళగా పో" అని అమ్మ ఫోన్లో చెప్పింది. (మా ధర్మవరం వాళ్ళకున్న జబ్బే ఇది. పెళ్ళికైనా పంచాయితీకైనా మాకు పట్టే తోస్తుంది.) అవ్వ గడప ముందు నిలబడి, "ఈ పెంపును మన పిల్లల భవిష్యత్తుకు పెట్టుబడిగా భావించాలి" అని అద్దం ముందు సాధన చేసుకొచ్చిన వాక్యం అందుకున్నాను. అవ్వ వక్కాకు నములుతూ నిదానంగా వినింది.

"నీళ్ళు రాని కొళాయికి ఇప్పుడిచ్చే దుడ్లే దండగ. ఇంగా పెంచేదేంది అమ్మణ్ణీ?" అంది.

దానికి దీటైన జవాబు చెప్పాలన్న ఊపులో ఒక అడుగు వెనక్కి వేశాను. వెనక గుంత ఉంది.

దెబ్బేమీ తగల్లేదు, అడుగున బురద మెత్తగానే ఉంది. అవ్వ పైనుంచి తొంగిచూసి, "పట్టుచీరనా?" అని అడిగింది. ఔనన్నాను. "అయ్యో పాపం" అంది. ఆ పాపం నా మీద కాదు, చీర మీదేనని నాకిప్పటికీ అనుమానమే. చెయ్యి అందించబోతుండగా కొళాయి గుర్రుగుర్రుమంది. ఎన్నో రోజులకు నీళ్ళు వదిలారు. ఇంకేముంది, పైనుంచి రావలసిన చెయ్యి రాలేదు, బిందె వచ్చింది. "ఎట్లా ఆడనే ఉండావు గదా, పట్టు తల్లీ. మళ్ళా నిలిచిపోతాయి" అంది. పట్టాను. మొదటి బిందె నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, కాలువ వాసన కొడుతున్నాయి. పారబోయమంది. గుంతలో పారబోయడానికి నా కాళ్ళు తప్ప వేరే చోటు లేదు. నేను వంగుతూ లేస్తూ బిందెలు అందిస్తుంటే, పైన అవ్వ గొంతుతో పాటు ఇంకో గొంతు వినిపించింది. మిట్టమీది ఇంట్లో ఒక బాలింత ఉంది, ఆమె అత్తగారు వచ్చింది.

"అవ్వా, మాకు ఒగ సుక్క గూడా రాలేదు. పసిబిడ్డకు నీళ్ళు పోయల్ల, రెండు బిందెలు ఇయ్యవ్వా."

"ఇస్తాలేమ్మా, నేనుండా గదా" అంది అవ్వ ధీమాగా.

నడుము పట్టేసింది, జరీ అంచు బురదలో ఉంది, ఉపన్యాసమంతా మరిచిపోయాను. ఇక లోపల మిగిలిన మాట ఒక్కటే, అది దానంతటదే బయటికి వచ్చింది. "వాళ్ళ నీళ్ళు వాళ్ళకే దానం ఇస్తాండావా అవ్వా?" అన్నాను.

కాసేపు బిందె కిందికి రాలేదు. తర్వాత నన్ను పైకి లాగి, తన నూలుచీర కట్టించి, ఇంత అంబలి తాగించి పంపింది. రేటు మాట మాత్రం ఎత్తలేదు. ఒక్క మాటతో ఆ వీధికి రావలసిన పైపును చేతులారా పోగొట్టానని దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాను.

ఆదివారం వీధి సమావేశం. అందరూ అవ్వ వచ్చి నాలుగు దులిపితే చూద్దామని కూర్చున్నారు. ఈలోపు ఎవరికివాళ్ళు, "ముందు వాళ్ళు పూడ్చనీ, ఆనక మేం పూడుస్తాం" అంటున్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేం. ముందు పూడ్చినవాళ్ళ నీళ్ళు పూడ్చనివాళ్ళకు పోతాయి, పైపు వచ్చేదాకా ఎండాల్సింది వాళ్ళే. అవ్వ ఆలస్యంగా వచ్చింది. చేతులకు, చీర కుచ్చిళ్ళకు మట్టి.

"నా గుంత పూడ్చేసినా. కొత్త పైపు ఏస్తామంటే రేటు పెంచుకోండప్పా, నేను కడతా" అంది.

"నీకేమన్నా పిచ్చా అవ్వా? నీకింగ సుక్క రాదు" అన్నాడు మాంసం అంగడాయన.

"మిట్టమీదోళ్ళకు ఇన్నేండ్లు వచ్చినాయా?" అని కూర్చుంది.

అంత గొప్ప మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె తన బిందె చంకన పెట్టుకుని ఇతరుల గుంతల దగ్గర వంతుకోసం నిలబడింది. మహారాణి వరుసలో నిలబడితే చూసేవాళ్ళకే సిగ్గేసింది. ఒక్కొక్క ఇంటి ముందు మట్టి పడసాగింది. మాంసం అంగడాయన మాత్రం గుంత మీద బండ పరిచి, పూడ్చేశానన్నాడు. అవ్వ పోయి ఆ బండ మీదే కూర్చుంది, అక్కడికే వక్కాకు తెప్పించుకుంది. నీళ్ళు వదిలిన రోజున కూడా లేవకపోయేసరికి ఆయనే పార తెచ్చి గుంత పూడ్చాడు. కొత్త పైపు మా వీధికే ముందు పడింది. పెరిగిన రేటును జనం సణుక్కుంటూనే కట్టారు. అందరికన్నా ముందు కట్టింది అవ్వే. కట్టిన మరునాడు నీళ్ళు కాస్త ఆలస్యమైతే ఆఫీసుకొచ్చి మమ్మల్ని తిట్టిపోసిందీ ఆమే.

ఇప్పుడు నేను పెనుకొండలో పనిచేస్తున్నాను. జనానికి చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ. పట్టుచీర కట్టుకుని లోకానికి బుద్ధి చెప్పబోయిన ఆ పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే, నవ్వి, వెనక చూసుకుని నడవమని చెప్పాలనిపిస్తుంది. హిందూపురం పోయినప్పుడల్లా అవ్వను చూసి వస్తాను. మొన్న పోయినప్పుడు ఆమె గడప మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"అందరిండ్లకూ బాగా వస్తాండాయి అమ్మణ్ణీ, మంచిదే. మా ఇంటికే ఎవురూ రారు ఇప్పుడు" అంది.

సంచిలో ఉన్న నీళ్ళ సీసాను చెంగుతో కప్పుకుని, "దాహంగా ఉండాది అవ్వా, ఒక చెంబు నీళ్ళిస్తావా?" అన్నాను. అవ్వ మోకాళ్ళ మీద చేతులానించి గబుక్కున లేచింది.