ఉప్పు బెల్లం కుడుములు

నా చిన్నప్పుడు వినాయక చవితి నాడు మా ఇంట్లో దేవుడికంటే ముందు ఎవరూ ఏ రుచీ చూడకూడదు. పూర్ణంలో తీపి సరిపోయిందో లేదో వాసన పట్టి తెలుసుకోవాలి. నోట్లో వేసుకోకుండానే సరిగ్గా వండేదే మంచి కోడలని మా నానమ్మ లెక్క. ఈ లెక్క పెట్టిన వాళ్లెవరో ఒక్కరోజైనా పొయ్యి దగ్గర కూర్చుని ఉండరని నాకిప్పటికీ అనుమానం.

మాది కాశిబుగ్గ. ముందుగది నిండా మగ్గాలే, జంపఖానాలు నేసేవాళ్లం. తాత, మేం బాపు అని పిలిచే నాన్న, చిన్నాయన మగ్గాల మీద కూర్చుంటే, వాళ్లకు నూలు కండెలు చుట్టి అందించేది ఎక్కువగా మా చిన్నమ్మే. చిన్నాయనతో పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పుట్టిల్లు ఏటూరునాగారం అవతల. చెయ్యి మహా చురుకు. ఆమె వచ్చాక కండెలు లేక మగ్గం ఆగిన పూట లేదు. ఆ చురుకుతనమే ఆమె కొంప ముంచింది.

పండుగ దగ్గర పడుతుండగా వాళ్ల ఊరి మనిషి ఒకతను వచ్చి, చిన్నమ్మ తల్లికి బాగా సుస్తీగా ఉందని, బిడ్డను చూడాలని ఒకటే కలవరిస్తోందని చెప్పి పోయాడు. చిన్నమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దున్నే వెళ్లి నానమ్మ ముందు నిలబడి, ఒక్కసారి చూసి వస్తానని అడిగింది. దసరా వస్తోంది, మగ్గాల నిండా పని. నానమ్మ మాత్రం కాదనలేదు. "పండుగ మీద ఇల్లు ఇడిసిపెట్టి ఎట్ల పోతవ్? కుడుములు నువ్వే చెయ్. దేవునికి మంచిగ పెట్టు, తెల్లారి నేనే బస్సెక్కిస్త" అంది. చిన్నమ్మ అప్పుడే సంచి సర్దుకుంది. మా నానమ్మ మాట మీద నాకూ అంత నమ్మకమే ఉండేది.

చవితి నాడు తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చుంది. శనగపప్పు ఉడికించి రోట్లో మెత్తగా రుబ్బింది. బెల్లం నానమ్మే స్వయంగా తెచ్చి ఇచ్చింది, దంచి మరీ ఇచ్చింది. "అత్తమ్మా, బెల్లం జర నల్లగున్నది" అని చిన్నమ్మ అంటే, "కొత్త బెల్లం గట్లనే ఉంటది. నోట్లె ఏసుకునేవు, ఎంగిలైతది" అని నానమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుంది. చిన్నమ్మ ఇంకేం రుచి చూస్తుంది పాపం. బియ్యప్పిండి ముద్దను అరచేతిలో పలచగా ఒత్తి, మధ్యలో పూర్ణం పెట్టి, అంచులు దగ్గరికి తెచ్చి మూసేది. కుండలో నీళ్లు పోసి, మూతికి పలచటి బట్ట కట్టి, దాని మీద కుడుములు పేర్చి ఆవిరికి పెట్టింది. ఒక్కటీ విచ్చలేదు. అంత నున్నటి కుడుములు మా ఇంట్లో మళ్లీ ఎవరూ చేయలేదు.

పూజ అయ్యాక మగవాళ్లను, పిల్లలను వరుసగా కూర్చోబెట్టి విస్తళ్లు వేశారు. తాత ఒక కుడుము కొరికి నమలడం ఆపేశాడు. చిన్నాయన మింగలేక నీళ్లు తాగాడు. నేనూ కొరికాను. ముందు కాస్త తీపి, వెనకాలే నాలుక మీద ఉప్పు, చేదు. ఆ రుచి నాకు తెలుసు. ఆ మధ్య దుకాణం నుంచి వచ్చిన బెల్లం ఉప్పగా ఉందని నానమ్మ తాతతో, బాపుతో గొడవ పడింది. చౌడు నేలలో చెరుకు పండిస్తే బెల్లం అలాగే అవుతుందట. వాపసు ఇద్దామని పక్కన పెడితే, నేను దొంగతనంగా ఓ ముక్క తిని ఉమ్మేశాను. చిన్నమ్మ అప్పుడు నీళ్లకు పోయి ఉంది, ఆమెకు ఈ సంగతే తెలియదు.

"నానమ్మా, ఇది వాపస్ ఇద్దమన్న ఉప్పు బెల్లం గదా!" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినబడింది.

ఎవరూ తలెత్తలేదు. తాత పప్పు కలుపుకున్నాడు. చిన్నాయన విస్తరి వైపే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ వచ్చి నా భుజం నొక్కింది. "చిన్నపిల్ల, దానికేం ఎరుక" అని నానమ్మ చిన్నమ్మ వైపు తిరిగింది. "దేవునికి ఉప్పు పెట్టినవ్ గదనే! ఇంత దోషం చేసి గడప దాటితే ఇంటికి అరిష్టం. నిమజ్జనం దాక ఎటూ పోవద్దు." చిన్నమ్మ గుమ్మం పట్టుకుని అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. చివరికి నా దగ్గర ఆగింది. తర్వాత దొడ్లో నా చెయ్యి కడుగుతూ, "నువ్వొక్కదానివే అన్నవు బిడ్డా" అంది.

నిమజ్జనం ఇంకా కాకముందే ఆ ఊరి మనిషే మళ్లీ వచ్చాడు. ఈసారి చావు కబురు. అప్పుడు మాత్రం బస్సెక్కించారు. కర్మలు కాగానే తిరిగి వచ్చి, చిన్నమ్మ రాట్నం ముందు కూర్చుంది. మగ్గాలు ఆడాయి. ఆ యేడు దసరా బాగా జరిగిందని ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. తల్లి కడసారి ఏం మాట్లాడిందో ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు నేనే ఒక నానమ్మను. నిజం తెలియక జనం తప్పు చేస్తారని, తెలిస్తే సర్దుకుంటారని ఎవరైనా చెబితే నాకు నవ్వొస్తుంది. ఆ రోజు అందరికీ తెలుసు. ఎవరో ఒకరు నోరు విప్పి "పోనియ్యి" అని ఉంటే, మర్నాడు ఆమె తన తల్లి మంచం పక్కన ఉండేది. నానమ్మ మీద నా కోపం నానమ్మతోనే పోయింది. చెడ్డపని చేసింది, చేసినట్టే కనబడింది. కానీ నన్ను భుజాల మీద మోసి జాతరకు తీసుకుపోయిన మా బాపు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. నా పక్కనే కూర్చున్నాడు. నా మాట విని, ఆ ఉప్పు కుడుమును మొత్తం తినేశాడు.