వీరేశు పోని ఇంటర్వ్యూ

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పీహెచ్‌డీ చేసినా ఉద్యోగం రాదన్న మాట నమ్మడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇక దయ్యాలకు తీరికెక్కడిది?

వీరేశుదీ మాదీ ఎమ్మిగనూరులో ఒకే వీధి. రెండూ మగ్గాల ఇళ్లే. ఇద్దరం బట్టల రంగుల మీదే పీహెచ్‌డీ చేశాం. వాడికి మెడల్ వచ్చింది. నాకు ఆ మెడల్ వేసుకున్న వాడితో ఫోటో వచ్చింది.

ఒక యూనివర్సిటీలో చేనేత రంగుల ప్రాజెక్టుకు రీసెర్చ్ పోస్టు పడింది. ఒక్కటే. ఇద్దరికీ పిలుపు వచ్చింది. వయసు లెక్కన నాకదే ఆఖరు అవకాశం.

ముందురోజు సాయంత్రం వీరేశు ఫోన్ చేశాడు.

"నేను రాలేనప్పా. పొద్దున ఈదిలో పడుగు సాపుతాండాము. నాయనకు చెయ్యి లేస్తా లేదు. గంజి పట్టించినాక ఇడ్సిపెట్టేకి కాదు కదా."

మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులను వీధి పొడవునా చాపి, గంజి పెట్టి, ఆరేదాకా కుంచెతో దువ్వుతారు. మధ్యలో వదిలితే పోగులన్నీ అంటుకుపోతాయి. అందుకే వీధిలో అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు.

"అయ్యో" అన్నాను. అలాంటప్పుడు అనాల్సింది అదే. మర్నాడు ఆదోనిలో రైలెక్కే ముందు ఉగ్గాని బజ్జీ రెండు ప్లేట్లు తిన్నాను.

యూనివర్సిటీ వరండాలో అటెండరు వీరేశు పేరు పిలిచాడు. రాలేదని చెప్పబోయాను. బెంచీ ఆ చివర నుంచి వీరేశు లేచి లోపలికి పోయాడు.

చాలాసేపు ఉన్నాడు. లోపల నవ్వులు వినబడ్డాయి. నా ఇంటర్వ్యూల్లో ఎవరూ నవ్వరు, జోకులేసేది నేనైనా సరే. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "భయపడాకప్పా, మంచోళ్లే" అని మెట్లు దిగిపోయాడు. నా చొక్కా భుజం దగ్గర తడిసింది. ముట్టుకుంటే గంజి.

అబద్ధం చెప్పి నాకన్నా ముందొచ్చాడని ఒళ్లు మండి వాడికి ఫోన్ చేశాను. మా నాయన ఎత్తాడు.

"వాని చేతులు గంజిలో ఉండాయిరా. ఏం గావాల?"

"వీరేశు యాడుండాడు నాయనా?"

"నా ఎదురుగానే. కుంచె లాగుతాండాడు. నీదేమాయ?"

వెనక నుంచి వీరేశు గొంతు: "బాగ సెప్పమను మామా!"

తర్వాత నా వంతు వచ్చింది. ఏం చెప్పానో గుర్తు లేదు. బాగా చెప్పలేదని మాత్రం గుర్తుంది.

ఉద్యోగం వీరేశుకే వచ్చింది. సర్టిఫికెట్లు బీరువా దాటలేదని వాళ్లమ్మ ఒట్టేసింది. వాడు వీధిలోనే ఉన్నాడనడానికి వీధంతా సాక్షి. ఆర్డరు చూసి వాడు భయపడ్డాడు. అయినా చేరాడు. భయపడేవాళ్లకు కూడా జీతం ఇస్తారు.

ఇప్పటికీ ఫోన్ చేస్తే అదే అడుగుతాడు: "లోపల నేనేం సెప్పినానప్పా? సార్లు ఇంకా దాన్నే మెచ్చుకుంటాండారు."

నాకేం తెలుసు? నేను బయట కూర్చున్నాను.

ఒక మనిషి ఒకే పూట రెండు చోట్ల ఎలా ఉన్నాడో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అదట్లా ఉంచండి. రెండు చోట్ల ఉండగలిగినవాడు, అందులో ఒకటన్నా నాకు వదలొచ్చు కదా.