బానప్ప పటకా

ఆ రోజుల్లో, అంటే పెద్ద యుద్ధం జరుగుతూ కిరసనాయిలు కూడా సరిగ్గా దొరకని ఏళ్లలో, మా మదనపల్లె చుట్టుపక్కల మనిషి కొండ ఎక్కడానికి మూడే కారణాలుండేవి: మొక్కుబడి, కట్టెలు, తప్పిపోయిన మేక. ఊరికే ఎక్కాలనిపించి ఎక్కేవాణ్ణి చూస్తే పెళ్లి సంబంధం చెడి మతి పోయిందేమో అనుకునేవాళ్లు. (నాకు అప్పటికి సంబంధమే రాలేదు, ఇక చెడేదేముంది.) నేను మిషన్ ఆసుపత్రిలో పట్టీలు కుట్టేవాణ్ణి. విరిగిన కాళ్లకూ, పట్టేసిన నడుములకూ కాన్వాసుతో, తోలుతో పట్టీలు చేయడం నా ఉద్యోగం. ఆసుపత్రి వరండాలో పడి ఉన్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలో, నడుముకు తాడు కట్టుకుని నిలువు బండకు బల్లిలా అతుక్కున్న తెల్లవాడి బొమ్మ చూసిన రోజు నుంచి నాకు కుదురు లేకుండా పోయింది. ఆదివారం చర్చి కాగానే సైకిలెక్కి బండల వెంట పడేవాణ్ణి.

పుంగనూరు దారిలో మా మేనమామ ఊరి పక్కన ఒక పెద్ద రాతిగుండు ఉండేది. దానికి వెనకవైపు వాలు, ముందువైపు గోడ. నేను ముందువైపు నుంచి పాకుతుంటే ఊళ్లో పెద్దాయన ఒకాయన చాలాసేపు చూసి, "ఆపక్క నుంచి యెద్దులే ఎక్కతాయి గదప్పా, నువ్వు ఈపక్క నుంచి యాల దేకతాండావు?" అని అడిగాడు. జవాబు వెతుక్కునేలోపే చెయ్యి జారి కింద పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. నేను కుట్టిన పట్టీలోనే నా చెయ్యి వేలాడేసి, నేను పనిచేసే ఆసుపత్రిలోనే నన్ను పడుకోబెట్టారు.

మా డాక్టరమ్మ సముద్రం దాటి వచ్చిన మనిషి. తెలుగు పాత పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి, ఆవిడ తిట్టినా శాసనం చదివినట్టుండేది. మంచం దగ్గర నిలబడి, "నీవు మరియొకమారు ఎముక విరుగగొట్టుకొని నా యొద్దకు వచ్చితివా, ఆ దినముననే నీ ఉద్యోగము పోవును" అంది. ఆ ఉద్యోగం మీదే మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు బతుకుతున్నారు.

ఎక్కడం మానేస్తే సరిపోయేది కదా అని మీరంటారు. మా అమ్మ కూడా అదే అంది. మానేసేవాణ్ణేమో కానీ, నా పక్క మంచం మీద కుప్పం వైపు నుంచి వచ్చిన రాళ్లు కొట్టే మనిషి, క్వారీ గోడ మీంచి జారి తుంటి విరిగి పడి ఉన్నాడు. "తాడు కట్టుకోకూడదా అన్నా?" అని అడిగాను. "కట్టుకుంటే జారినప్పుడు ఆ తాడే నడుముకు బిగుసుకోని ఊపిరి తీస్తాదప్పా. అట్ట సచ్చేదానికంటే ఇట్ట పడేదే మేలని యెవురూ కట్టుకోరు" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మనిషిని పడనివ్వకుండా, పడితే చంపకుండా పట్టుకునే పటకా ఒకటి చేసి తీరాలని పట్టుబట్టాను.

చెయ్యి అతుక్కోగానే మొదలుపెట్టాను. నడుముకు వెడల్పాటి కాన్వాసు, దాన్నుంచి రెండు తొడల కిందుగా తోలు పట్టీలు, ముందువైపు జట్కాగుర్రం జీను నుంచి సంపాదించిన ఇత్తడి బకిలు. ఆసుపత్రి బావి గిలకకు తాడేసి, ఇసుక మూటకు పటకా కట్టి వదిలేవాణ్ణి. మొదటి మూట తలకిందులైంది. రెండోది కుట్లు తెగి బావిలో పడింది. (వంటమనిషి నాతో వారం రోజులు మాట్లాడలేదు.) విప్పడం, కుట్టడం, మళ్లీ వదలడం. ఎన్నో మూట తర్వాతో ఒకటి కుర్చీలో కూర్చున్నట్టు నిదానంగా వేలాడింది. దానికి దండం పెట్టాను.

ఇక గుండు ఎక్కడమే మిగిలింది. బజారులో మంచి తాడు దొరకని రోజులవి. మామ తన కపిల మోకు ఇస్తానన్నాడు. ఎద్దుల చేత బావిలోని నీళ్లు తోడించే కపిలకు కట్టే మోకు అది. నీళ్లు నిండిన తోలు బానను మోసేది నన్ను మోయదా? గుండు పైన తాడు కట్టడానికి చెట్టు లేదు. "యెద్దులకే కడదాం అబ్బోడా. పుంగనూరు యెద్దులు, పొట్టివని సూడొద్దు. కాళ్లు నాటినాయంటే కదలవు" అన్నాడు మామ. వెనకవైపు వాలు మీదుగా వాటిని తోలుకెళ్లి, కాడికి మోకు కట్టాడు. ఆ ఎద్దులు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కపిల తప్ప వేరే పని చేయలేదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

సగం ఎక్కాక కాలు జారింది. పటకా పట్టుకుంది! నడుము నొక్కలేదు, ఊపిరి ఆడుతోంది, నేను నా ఇసుక మూట లాగే కూర్చుని ఉన్నాను. "పట్టుకుండాది మామా!" అని అరిచాను. కానీ పైన ఎద్దులకు తెలిసింది ఒకటే: బాన నిండింది. అవి ముందుకు నడిచాయి. నేను పైకి లేచాను. "నిలుపు మామా, నిలుపు!" అంటే వినబడదే! మోకు బిగిసేసరికి మామ అలవాటుకొద్దీ దాని మీద కూర్చుని కపిల పాట ఎత్తుకున్నాడు. నా తల గుండు అంచు దాటింది. బాన పైకొచ్చిందని ఎద్దులు ఆగాయి. ఆగి, నీళ్లు గుమ్మరించాక ఎప్పుడూ చేసినట్టే, వెనక్కి నడిచాయి. నేను మళ్లీ కిందికి! కింద నిలబడ్డ ఊరంతా చప్పట్లు. రెండోసారి పైకొచ్చినప్పుడు అంచు రాయిని కావలించుకుని ఎలాగో పైకి పాకాను. పడుకుని రొప్పుతుంటే, వెనక్కి నడిచొచ్చిన ఎద్దు నా పాదం తొక్కింది.

"రెండు బానలు తోడినాం గదరా అబ్బోడా" అన్నాడు మామ కళ్లు తుడుచుకుంటూ. ఆ సాయంత్రానికే నేను బానప్పనయ్యాను. మామ ఊళ్లో మొదలైన ఆ పేరు నాకంటే ముందు మదనపల్లె చేరింది.

సోమవారం కుంటుతూ పనికి వెళ్లాను. డాక్టరమ్మ కళ్లు నేరుగా నా కాలి మీదే పడ్డాయి. "పడితివా?"

"పడినానమ్మా. కానీ కింద పడలేదు."

"మరి పాదము?"

"యెద్దు తొక్కిందమ్మా."

"కొండ మీదనా?"

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. పటకా తెప్పించి, నడుముకు బిగించి, బావి గిలకకు తాడేయించి, వంటమనిషి కేకలు పెడుతున్నా వినకుండా వేలాడింది. గాల్లో కాళ్లు ఊపుతూ, "నీ ఎముక విరుగలేదు కనుక ఉద్యోగము పోలేదు. కుప్పము మనుష్యులకు ఇట్టివి ఆరు కుట్టుము" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. పాదం నొప్పి అని చెప్పాను.

తర్వాత ఆ గుండును, మోకును వెనకవైపు నేలలో దిగ్గొట్టిన చెట్టు మొద్దంత మేకుకు కట్టి, నా కాళ్లతోనే ఎక్కాను. ఆ రోజు చూడటానికి ఎవరూ రాలేదు. మరుసటి ఏడాది ఒకరోజు కుప్పం నుంచి ఎవరో కొత్త మనిషి, దెబ్బా గాయమూ ఏమీ లేకుండా, చింతపండు మూటతో ఆసుపత్రికి వచ్చాడు. "బానప్పంటే యెవురప్పా ఈడ?" అని అడిగాడు. ఎవరో ఏడిపించడానికి పంపారనుకుని, "యాల?" అన్నాను చిరాగ్గా. "మొన్న క్వారీలో జారినాను. ఊగినాను. అంతే. ఇంట్లో పెండ్లాన్ని సూసినాక, నిన్ను గూడా సూసిపోదామని వచ్చినా" అన్నాడు. నేనేనని ఒప్పుకున్నాను. ఆ పేరుకు జవాబివ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు మా మేడకు పన్నెండు మెట్లు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతుంటాను. ఆరో మెట్టు మీద ఊపిరి తీసుకుంటుంటే మా ఆవిడ పైనుంచి, "మోకు వేయమంటారా బానప్పగారూ?" అంటుంది. వేసినా ఫర్వాలేదు కానీ, పాట పాడటానికి మామ లేడు.