అరవయ్యో కారు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి సంధ్యారాణి లాప్‌టాప్‌లో ఒక వెనక టైరు ఫొటోను పెద్దది చేసి, రబ్బరు మీద నిలబడి ఉన్న సన్నటి వెంట్రుకలు లెక్కపెట్టింది. పదకొండు కనిపించాయి.

టైరు దుబాయ్‌లో ఉంది. సంధ్యారాణి చోడవరంలో, మేడ మీద గదిలో ఉంది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు, సొంత బండి స్కూటీ. ఐరోపాలోని ఒక కంపెనీ తన కొత్త కారును ఏ కోటీశ్వరుడికి అమ్మాలో తేల్చే పనిలో సాయపడటం ఆమె ఉద్యోగం.

కంపెనీ ఆ మోడల్‌లో అరవై కార్లే చేస్తుంది. కావాలన్నవాళ్ళు ఆరు వందల పన్నెండు మంది. అందరి దగ్గరా డబ్బుంది కనక అక్కడ డబ్బుకు విలువ లేదు. ఇదివరకు మా కార్లు ఎన్ని కొన్నావు, ఏడాది తిరక్కుండా లాభానికి అమ్మేసుకున్నావా, షెడ్డులో ముసుగేసి దాచావా, రోడ్డు మీద నడిపావా అని చూస్తారు. బాగా నడిపినవాళ్ళకే మార్కులెక్కువ. కొనేవాళ్ళు అర్జీలు పెట్టుకుంటారు. ఫొటోలు, సర్వీసు బిల్లులు జతచేసి బతిమాలుతూ ఉత్తరాలు రాస్తారు. సంధ్యారాణి ఇంటి నుంచి పనిచేస్తున్న విశాఖపట్నం ఆఫీసు ఆ ఫైళ్ళు చదివి మార్కులు వేస్తుంది.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు తండ్రి గణపతిరావు ఏమీ ఆశ్చర్యపోలేదు. "మన సెరుకు ఫేక్టరీవోడిచ్చే కటింగ్ ఆర్డరు లాగే కదేటే. కిందటేడు సెరుకు తోలినోడికే ముందు" అన్నాడు.

యాభై తొమ్మిది కార్లు పంచేశారు. చివరిదానికి రెండు ఫైళ్ళు మిగిలాయి. 31వ నంబరు దుబాయ్ వ్యాపారి. కంపెనీ కార్లు పదకొండు ఉన్నాయి, ఒక్కటీ అమ్మలేదు, 2019లో కొన్నదాన్ని ఇరవై ఒక్క వేల కిలోమీటర్లు నడిపానని మీటరు ఫొటో పెట్టాడు. 214వ నంబరు పోర్చుగల్‌లో పళ్ళ డాక్టరు. ఉన్నది ఒకటే పాత కారు, అరవై నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది, బంపరుకు సొట్ట. 31కి సంధ్యారాణే తొంభై నాలుగు మార్కులు వేసింది. పైఅధికారి శరత్‌చంద్ర ఆ నంబరునే కమిటీకి పంపాడు. కమిటీ మూడున్నరకు కూర్చుంటుంది. ఆమె కాంట్రాక్టు నెలాఖరుతో సరి. ఈ పని సవ్యంగా ముగిస్తే పర్మనెంటు చేస్తామన్నారు.

కమిటీకి ముందు ఫైలు మరొక్కసారి తిరగేస్తుంటే ఈ వెంట్రుకలు కంటపడ్డాయి. అచ్చులోంచి వచ్చిన కొత్త టైరుకు అలాంటి పోగులుంటాయి. నేలకు తగిలేచోట ఒక పూట తిరిగితే రాలిపోతాయి. వడ్డాది రోడ్డులో గణపతిరావుకు అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపుంది. బడి నుంచి వచ్చి ఆ షాపులోనే హోంవర్కు చేసుకున్న సంధ్యారాణికి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. టైరు పక్కన అంకెలు 1119. అంటే 2019లో పదకొండో వారం తయారీ, కారుతో వచ్చిన టైరే. ఇరవై ఒక్క వేలు తిరిగిన టైరుకు వెంట్రుకలు ఊడలేదు!

ఫైలు బయటివాళ్ళకు చూపకూడదు. తండ్రికి ఫోన్ చేసి, పేరూ ఊరూ ఎత్తకుండా అడిగింది.

"నాన్నా, ఆరేళ్ళ టైరుకి ఎంటికలు ఉంటాయేటి?"

"తిప్పకపోతే ఉంటాయి."

"ఇరవై వేలు తిప్పితే?"

"ఎవడే నీకు సెప్పింది? ఆడి బుర్ర మీదైనా ఉన్నాయేటి ఎంటికలు?" గణపతిరావు పగలబడి నవ్వి, అంతలోనే ఆగాడు. "ఉండు. కొట్లో మిగిలిపోయిన పాత స్టాకు కొత్తగా ఏయించేడేమో. తారీకు పాతది, టైరు కొత్తది. తొందరపడి ఎవడి మీదా నింద ఎయ్యకు."

అదీ నిజమే. అయితే టైర్లు మార్చిన బిల్లు ఉండాలి. ఫైల్లో, కంపెనీది కాని బయటి వర్క్‌షాపు బిల్లులు పద్నాలుగున్నాయి. ఆమె మొదటిది తెరిచేసరికి తల్లి రాజ్యం గుమ్మంలో నిలబడింది.

"ఒసే, పప్పు సల్లారిపోతంది."

"రెండు నిమిషాలమ్మా."

"ఆ రెండు నిమిషాలు పొద్దున్నుంచీ అవతన్నాయి."

ఆయిలుంది. బ్యాటరీ ఉంది. వైపర్ రబ్బరు కూడా ఉంది. టైరు మాట ఒక్కచోటా లేదు. వైపర్ రబ్బరుకు బిల్లు పెట్టినవాడు నాలుగు టైర్లు మారిస్తే పెట్టడా?

ఆమె మళ్ళీ షాపుకు ఫోన్ కలిపింది. "మీటరు తిప్పించేడు నాన్నా. ముందుకి!"

"ముందుకా!" అవతల కంప్రెసర్ చప్పుడులో గణపతిరావు గొంతు లేచింది. "నలభై ఏళ్ళ సర్వీసే నాది. ఎనక్కి తిప్పినోళ్ళని సూసేను గానీ, ముందుకి తిప్పినోడిని సూళ్ళేదు!"

మూడు కావస్తుండగా శరత్‌చంద్ర ఫోన్‌లో అంతా విన్నాడు. "తొంభై నాలుగు వేసింది నువ్వే కదా సంధ్యా?"

"నేనే సార్. ఫొటో సరిగ్గా చూడలేదు."

"ఇప్పుడు కమిటీలో చెప్తే ముందు పోయేది నీ పరువే. ఆ తర్వాత నాది."

"కారు ఇచ్చేసేక తెలిస్తేనో సార్?"

"సరే, నువ్వే చెప్పు. నేనూ కెమెరా ఆన్ చేసుకుని మీటింగులో కూర్చుంటాను."

తెర మీద కమిటీవాళ్ళు అయిదుగురు. సంధ్యారాణి ముందు తన తప్పు చెప్పింది, తర్వాత టైరు చూపించింది. మొత్తం నాలుగు నిమిషాలు. తలనెరిసిన ఒక ఇంజనీరమ్మ ముక్కు తెరకు తగిలేంత ముందుకు వంగి చూసి, కళ్ళజోడు తీసి, పక్కవాళ్ళ వైపు తిరిగి ఏదో అంది. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కడికక్కడే 31కి కబురు వెళ్ళింది. రేపు పొద్దున్న మా మనిషి వచ్చి కారు కంప్యూటర్‌లోని అసలు లెక్క చూస్తాడు, అభ్యంతరం లేదు కదా?

నలభై నిమిషాలు ఎవరూ లేవలేదు. నాలుగూ ఇరవైకి జవాబు వచ్చింది. సొంత కారణాల వల్ల దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను.

"అమ్మా!" అన్న కేకకు రాజ్యం చేతిలో గరిటెతోనే మెట్లెక్కి వచ్చింది.

అరవయ్యో కారు పళ్ళ డాక్టరుకు వెళ్ళింది. పర్మనెంటు మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. కాంట్రాక్టు మాత్రం ఆరు నెలలు పెంచి, మిగతా యాభై తొమ్మిది ఫైళ్ళలో టైర్లన్నీ మళ్ళీ చూడమన్నారు. ఫొటోలు రెండు వేల మూడు వందల నలభై.