అడ్వాన్సు గారి అభినందనలు

అడ్వాన్సు గారు ఎదురుపడితే ముందు కుడిచెయ్యి వస్తుంది. ఆ వెనక మనిషి వస్తారు. మన చెయ్యి దొరకబుచ్చుకుని రెండుసార్లు ఊపి, "అభినందనలు" అంటారు.

"దేనికండీ?"

"అవుతుందిలే."

ఏమవుతుందో అప్పుడే తెలియదు. ఆయనకు మాత్రం తెలుసు. జరిగినదాన్ని అభినందించడం ఆయన ఒంటికి పడదు. "జరిగాక అందరూ వస్తారు. ఆ గుంపులో నేనెందుకు?" అంటారు. ఆయనకూ ఒక పేరుండే ఉంటుంది. ఊరు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది.

ఒక బ్యాంకు గుమాస్తాకు పదవీ విరమణ శుభాకాంక్షలు ఎనిమిది నెలల ముందు చెప్పారు. అదీ బ్యాంకుకే వెళ్ళి, పూలగుత్తి పట్టుకుని, కౌంటరు ముందు నిలబడి. సాయంత్రానికల్లా తోటివాళ్ళలో ఒకడు ఆ గుమాస్తా కుర్చీ తీసుకున్నాడు. ఇంకొకడు ఫ్యాను కింద ఉన్న బల్ల తీసుకున్నాడు. మిగిలిన ఎనిమిది నెలలూ ఆయన స్టూలు మీద చెమటలు కక్కుతూ ఉద్యోగం చేశాడు.

మందుల షాపు యజమానికి కవల మనవళ్ళు పుట్టినందుకు చెయ్యి ఊపారు. పుట్టింది ఒక్క మనవరాలు. దగ్గు మందుకు వచ్చినవాళ్ళు కూడా, "రెండోవాడు ఎప్పుడొస్తాడండీ?" అని అడిగి మరీ వెళ్ళేవారు.

ఇదంతా నోటిమాట. నోటిమాట గాలికి పోతుంది. అచ్చయిన మాట పోదు. చిక్కు అక్కడ.

ఆయన చదివిన బడికి పూర్వ విద్యార్థుల సంఘం ఉంది. సంఘానికి నాలుగు పేజీల పత్రిక ఉంది. రెండు నెలలకు ఒకసారి వస్తుంది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా దానికి సంపాదకులు, విలేఖరి, చిరునామాలు రాసే మనిషి, కవర్లు అంటించే మనిషి అన్నీ ఆయనే. ఇంట్లో ముందుగది పత్రికది. మంచం ఒక మూలకు ఒదిగి ఉంటుంది. ఆ బడిలో చదివి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ బీరువాలో ఒక కార్డు. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరికి మోకాలు నొప్పి, ఎవరు ఏ ఆట ఆడేవారు, అన్నీ అందులోనే. పత్రిక పని లేని రోజు ఆయనకు అన్నం సయించదు.

మూడో పేజీ ఆటలది. ఇంకా మొదలుకాని మ్యాచ్‌లు అందులో అయిపోయి ఉంటాయి. మన వాళ్ళే గెలిచి ఉంటారు.

ఆయన మేనకోడలు ప్రూఫురీడరు. పత్రిక అచ్చయ్యే ప్రెస్సులోనే పని. కామా జారిపోతే నిద్ర పట్టని మనిషి. అలాంటి మనిషికి ఇలాంటి మేనమామ దొరికాడు. ప్రతి సంచికలోనూ చివరి పేజీలో 'సవరణ' రాయడం ఆమె వంతు.

"గత సంచికలో మన పూర్వ విద్యార్థి డిస్క్ విసరడంలో కొత్త రికార్డు నెలకొల్పినట్లు రాశాం. డిస్క్ న్యాయనిర్ణేతల టెంటు మీద పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తొందరపాటుకు చింతిస్తున్నాం."

"మామయ్యా, ఈ పత్రికలో నమ్మదగింది సవరణ ఒక్కటే," అందామె ఒకసారి.

"అయితే దాన్ని పెద్ద అక్షరాల్లో వెయ్యి," అన్నారాయన. ఆ సంచిక నుంచి అది పెద్ద అక్షరాల్లోనే వస్తోంది.

సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన పళ్ళ డాక్టరుకు ఇది నచ్చలేదు. ఆయన ఏదైనా కదులుతుంటే పీకేసే మనిషి. కమిటీని కూర్చోబెట్టి మేనమామనూ మేనకోడలినీ పిలిపించాడు.

"మీరు పెద్దవారు. అనకూడదు. కానీ మొన్న ఒక పేషెంటు నోరు తెరిచి, నేను పళ్ళు చూసే లోపు, 'మీ పత్రిక భలే ఉంటుందండీ' అని పడీపడీ నవ్వాడు. ఇంకొక్క అబద్ధం పడితే పత్రిక మీ చేతిలోంచి తీసేయాల్సి వస్తుంది."

"అలాగే," అన్నారు అడ్వాన్సు గారు.

"అలాగే అంటే?"

"తీసేయండి. అభినందనలు."

బయటికి వచ్చాక మేనకోడలు నిలేసింది. "ఆటగా ఉందా మామయ్యా? పత్రిక పోతే పొద్దున్నే లేచి ఏం చేస్తావు?"

"అదే తెలియట్లేదు," అన్నారు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ పత్రికను ఎలాగైనా కాపాడాలని ఆ వీధిలోనే అనుకుంది.

రెండు వారాలు గడిచాయి. సోమవారం ఆయన మూడో పేజీకి వార్త తెచ్చారు. బేకరీలో పనిచేసే అమ్మాయి గురించి. నాలుగేళ్ళ కిందట బడి వదిలింది. నడక పందెం ఆమె ఆట. పరిగెత్తకూడదు. ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలి మోకాలు వంగకూడదు. అలా నడిస్తే నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఆమె తెల్లవారుజామున వీధిలో సాధన చేస్తుంటే అరుగుల మీది వాళ్ళు, "అదిగో బాతు, తప్పుకోండి" అనేవారు. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద పోటీలకు వెళ్ళింది. పందెం బుధవారం. సోమవారం వార్తలో ఆమె అప్పటికే మొదటి స్థానంలో ఉంది.

మేనకోడలు కాగితాన్ని సొరుగులో పెట్టింది. అచ్చు గురువారం. బుధవారం ఫలితం వస్తుంది. గెలిస్తే వేస్తుంది, లేకపోతే లేదు. మొదటిసారి ఈ పత్రికలో నిజం పడుతుంది.

బుధవారం మధ్యాహ్నం బేకరీ యజమాని ఫోన్ చేశాడు. మూడు ఎర్రకార్డులు. మోకాలు వంగిందట. పదకొండో చుట్టులో బయటికి పంపేశారట. ఆ యజమాని నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

ఆమె సొరుగులోంచి కాగితం తీసుకుని మేనమామ ఇంటికి వెళ్ళింది. ఆయన కవర్ల మీద చిరునామాలు రాస్తున్నారు.

"బతికిపోయాం మామయ్యా. ఇంకా అచ్చు కాలేదు. ఇది తీసేసి బడి ఫొటో పెడతాను."

"తియ్యకు."

"ఫలితం వచ్చింది. ఆ పిల్ల ఓడిపోయింది."

"తెలుసు. నాకూ ఫోన్ వచ్చింది."

"తెలిసీ వెయ్యమంటావా? ఇన్నాళ్ళూ తొందరపాటు అనుకున్నాను. ఇది అచ్చంగా అబద్ధం!"

"అబద్ధమే."

"పత్రిక పోతుంది."

ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "పోతుంది," అన్నారు. "అక్షరదోషాలు మాత్రం చూడు. కంగారులో రాశాను."

కారణం అడిగింది. చెప్పలేదు. తలుపు గట్టిగా వేసి వచ్చేసింది.

గురువారం పొద్దున ప్రెస్సులో మిషను నడిపే అతను చేతులు తుడుచుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. అతనూ ఆ బడివాడే. ఒకప్పుడు గోల్‌కీపరు.

"నడక వార్త ఉందా, తీసేశావా చెల్లెమ్మా?"

"తీసేస్తున్నాను అన్నా. మామయ్యకి మతి పోయింది."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నా వార్త నువ్వు చూసి ఉండవు. నువ్వు రాకముందు. ఫైనల్లో ఒక్క గోలు కూడా పోనివ్వలేదని వేశాడు మీ మామయ్య."

"ఎన్ని పోయాయి?"

"ఏడు."

ఆమె నవ్వు ఆపుకుంది.

"నవ్వు, పరవాలేదు. ఏడోది నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. తలకి తువ్వాలు చుట్టుకుని బస్సు దిగాను. జనం నవ్వుతున్నారు. నన్ను చూసే అనుకున్నాను. చూస్తే అందరి చేతుల్లో పత్రిక. 'ఒక్క గోలూ పోలేదట, అడ్వాన్సు గారి కళ్ళకి పొర వచ్చింది' అని నవ్వుతున్నారు. వారం రోజులు టీకొట్టు దగ్గర ఆయన్నే ఏకిపారేశారు. ఏడు గోల్స్ సంగతి నన్నెవరూ అడగలేదు. అసలు నేను కూడా నవ్వాను."

"ఆయన మ్యాచ్ కాకముందే రాసి ఉంటాడు అన్నా. ఎప్పటిలాగే."

"మ్యాచ్ అయిన గంటకి నేనే ఫోన్ చేసి చెప్పాను. అచ్చయింది ఆ మర్నాడు." అతను లేచాడు. "నలభై ఏళ్ళు జనన మరణాల ఆఫీసులో పనిచేశాడు మీ మామయ్య. ఒక్కణ్ణయినా ముందుగా చంపాడా?"

అతను వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో తాను రాసిన సవరణలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. డిస్క్, టెంటు. పడవ పందెం, బురద. ప్రతిదాని కిందా 'చింతిస్తున్నాం.' చింతించిన మనిషి ఒక్కడే.

ఎర్రకలం తీసింది. 'ప్రధమ స్థానం' అని ఉంది. 'ప్రథమ' అని దిద్దింది. కింద సంతకం పెట్టి మిషను దగ్గరికి పంపింది.

శనివారం మధ్యాహ్నం బస్‌స్టాండులో అడ్వాన్సు గారు పత్రిక చంకలో పెట్టుకుని నిలబడ్డారు. మేనకోడలు కొంచెం ఎడంగా నిలబడింది. చుట్టూ జనం మూగారు.

"అడ్వాన్సు గారూ, బంగారు పతకం సంచిలో వస్తోందా, లారీలో వస్తోందా?"

"ఆయన కళ్ళజోడు మార్పించండ్రా. అన్నీ బంగారంలా కనిపిస్తున్నాయి."

"మా ఆవిడ వంట బాగుంటుందని కూడా వేయించండి సార్. ఎప్పటికైనా జరుగుతుందేమో!"

ఆయన అందరికీ తలూపుతున్నారు.

బస్సు వచ్చింది. బేకరీ అమ్మాయి టోపీ కళ్ళ మీదికి లాక్కుని అందరికంటే చివర దిగింది. నేల చూపులు చూస్తూ గోడ వారగా వెళ్ళిపోబోయింది. ఎవరో పత్రిక చేతిలో పెట్టారు. చదివింది. టోపీ పైకి తోసి మళ్ళీ చదివింది.

"తాతయ్యా, ఏంటిది? నన్ను మధ్యలోనే పంపేశారు!"

"అయ్యో, అలాగా? తొందరపడ్డానమ్మా."

"ఎవరినైనా కనుక్కుని రాయాలి కదా!"

"రాయాలి. పరువు పోయింది."

"నా పరువా?"

"నీదెందుకు పోతుంది? నాది."

వెనక నుంచి ఎవరో, "ఈయన రాస్తే మా గేదె కూడా గెలుస్తుంది!" అన్నారు. జనం గొల్లుమన్నారు. ఆ అమ్మాయి గిర్రున తిరిగింది.

"ఏంటండీ నవ్వుతారు? పెద్దాయన పొరబడ్డాడు. మీరు పుట్టాక ఎప్పుడూ పొరబడలేదా? తప్పుకోండి!"

జనం తప్పుకున్నారు. ఆమె ఒక చేత్తో తన సంచీ, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. దారిపొడవునా ఓదారుస్తూనే ఉంది. "బాధపడకండి తాతయ్యా. నాలుగు రోజుల్లో మరిచిపోతారు. ఏమవుతుంది, మహా అయితే నవ్వుతారు." ఆయన ఇంటి ముందు ఆగి, గొంతు తగ్గించి, "నేను మాత్రం ఇక నడవను తాతయ్యా. బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తాను," అంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. పళ్ళ డాక్టరు పత్రిక బల్ల మీద పరిచి, మేనకోడలి వైపు చూశాడు.

"మీరు ప్రూఫు చూడలేదా?"

"చూశానండీ. ఒక్క అక్షరదోషం లేదు."

"ఇంకేం చెబుతారు పెద్దాయనా?"

"అన్నీ మీరే ముందుగా చెప్పేశారు," అని అడ్వాన్సు గారు బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. మేనకోడలి చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపారు. "సంపాదకురాలికి అభినందనలు."

"ఇంకా తీర్మానం చదవలేదండీ," అన్నాడు డాక్టరు.

తర్వాత చదివారు. సంపాదకురాలు ఆమే. కవర్లు అంటించడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

ఇంటికి వచ్చాక ఆమె తాళంచెవి అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. రేపు పొద్దున్నే లేచి ఆయన ఏం చేస్తారు? ఆ మాట వదల్లేదు.

మర్నాడు ఆదివారం. ఆరు కాకముందే తలుపు చప్పుడయింది. తీస్తే అడ్వాన్సు గారు. గడ్డం గీసుకున్నారు. కాళ్ళకు కొత్త కాన్వాసు బూట్లు. జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చారు.

"మన పూర్వ విద్యార్థిని, బేకరీ ఉద్యోగిని, ఆదివారం ఉదయం బడి మైదానంలో పన్నెండు చుట్లు నడిచింది. మోకాలు ఒక్కసారి కూడా వంగలేదు."

ఆమె రెండుసార్లు చదివింది. 'ఉద్యోగిని'లో కూడా తప్పు లేదు.

"ఎప్పుడు నడిచింది?"

"ఆదివారం."

"ఇవాళే ఆదివారం మామయ్యా. ఇంకా తెల్లారలేదు."

"వార్త అయిపోయింది. ఇక జరగడమే మిగిలింది."

"పత్రిక ఇప్పుడు నాది. జరగనివి వెయ్యను."

"వెయ్యొద్దు. సొరుగులో పెట్టుకో. ఎనిమిదింటికి వచ్చి చెబుతాను."

మెట్టు మీద కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పి, మళ్ళీ బిగించి కట్టుకున్నారు. లేచి నిలబడ్డారు. ఒక కాలు నేల మీదే ఉంచి, రెండో మోకాలు వంగకుండా ముందుకు వేసి, నడుము అటూ ఇటూ ఊపుకుంటూ, బేకరీ అమ్మాయి ఇంటివైపు నడిచారు.