దారిలో చూసింది చెప్పందే చాప లేదు

పొద్దున్నే ఆఫీసు లిఫ్టు కోసం నిలబడి ఉంటే చేతిలో ఫోన్ మోగింది. పొట్టంగి ఘాట్‌లో బస్సు నడిపే అన్న మా పాత క్లాసు గ్రూపులో మేష్టారి కోసం పెట్టిన వాయిస్ మెసేజ్. "మేష్టారూ, కొండ మలుపు కాడ ఒక ముసలమ్మ గొడుగు మేకకి పట్టి, తను తడిసిపోతా ఎల్తంది." అంతే. విశాఖలో నా చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూసినా, నాకు నవ్వు ఆగలేదు.

ఈ అలవాటు పెట్టింది రాయగడలో సాయంత్రాలు మాకు తెలుగు నేర్పిన మేష్టారు. అక్కడంతా బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. తెలుగు చదవడం, రాయడం మాత్రం వాళ్లకి ఆయన వరండాలోనే వచ్చింది. నాన్నకి రైల్వేలో బదిలీ అయి, ఎనిమిదో తరగతిలో నేను విశాఖ నుంచి అక్కడికి వెళ్లాను. చేతిలో అమ్మ పాత ఫోను, ముక్కు మీద కోపం. మొదటి రోజే మేష్టారు నన్ను గుమ్మంలో ఆపేశారు. "దారిలో ఏటి సూసేవమ్మీ?" అన్నారు. ఏమీ లేదన్నాను. "అయితే నిలబడు. సూసినోళ్లకే సాప." పాఠమంతా పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. లోపల అమ్మగారు, అంటే ఆయన భార్య, ఉడికిస్తున్న శనగల వాసన ఒకటి, పైగా. మర్నాడు విసురుగా, "కుక్క. చాలా?" అన్నాను. "ఏం రంగు? ఎటు సూస్తంది?" అన్నారాయన. సందు చివరికి తిరిగి వెళ్లి చూసి రావాల్సి వచ్చింది. గోధుమ రంగు. పానీపూరీలమ్మే గుప్‌చుప్ బండి కేసి చూస్తోంది. ఇప్పుడు బస్సు నడిపే అన్న అప్పుడు మాకు సీనియర్. జరిగి, చాప మీద నాకు చోటిచ్చాడు.

కిందటేడు మేష్టారికి పక్షవాతం వచ్చింది. చెయ్యి కోలుకుంది, నాలుక మొద్దుబారింది. రోజూ మాట్లాడకపోతే మాట ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు. మా ఉచ్చారణ దిద్దిన మనిషికి, తన నత్తిమాట మేం వినడం నామోషీ. నోటికి తాళం వేసుకున్నారు. "నాతో కూడా మాటాడ్డం మానేసేరు తల్లీ," అని అమ్మగారు ఫోన్ చేసింది. అన్న పాత పిల్లలందరినీ వెతికి గ్రూపు పెట్టాడు. టికిరి సంతలోంచి ఒకరు, కొట్పాడ్ మగ్గాల దగ్గర నుంచి ఒకరు, దారిలో చూసింది రోజూ పంపాం. అమ్మగారు వినిపించేది. ఆయన వినేవారు, నవ్వేవారు, పెదవి మాత్రం విప్పేవారు కాదు.

వానలు వెనకబట్టాక రైలెక్కి వెళ్లాను. అన్న స్టేషన్ నుంచి తీసుకెళ్లాడు. వరండాలో కుర్చీలో ఉన్న మేష్టారు నన్ను చూసి, కూర్చోమని చాప కేసి చెయ్యి చూపించారు. ఏం చూశావని అడగాల్సిన నోటికి బదులు ఆ చెయ్యి చూడగానే నాకు ఒళ్లు మండింది.

"నేను కూర్చోను. పొద్దున్నుంచీ ఈ వీధే చూస్తున్నారు కదా. ఏటి సూసేరు మేష్టారూ?"

"పెద్దాయన్ని అలా నిలదీస్తారేటమ్మీ," అంది అమ్మగారు. ఆయన మొహం తిప్పుకున్నారు. నేను కదల్లేదు. నా పక్కనే అన్న కూడా చెప్పుల్లేని కాళ్లతో, క్లాసులోలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మగారు వరండా గట్టు మీద పెట్టిన నా టీ చల్లారిపోయింది. తప్పు చేశానేమో అనుకుంటుండగా వినబడింది.

"పి... ల్లి."

ఏడుపొచ్చింది గానీ వదల్లేదు. "ఎటు సూస్తంది?"

మేష్టారు నన్ను గుర్రుగా చూశారు. ఆ పాత చూపే. "నీ... టీ... కేసి."

నిజంగానే పిల్లి గట్టెక్కి గ్లాసులో మూతి పెట్టబోతోంది. అన్న పగలబడి నవ్వాడు. అమ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే పిల్లిని అదిలించింది. నేను చాప మీద కూర్చున్నాను.

ఇవాళ అన్న మెసేజ్ వెనకే మేష్టారిది వచ్చింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, కూడబలుక్కుంటూ చెబుతున్నారు. లిఫ్టు వచ్చింది, వెళ్లిపోయింది. ఆయన చూసిందేమిటో పూర్తిగా వినకుండా పైకి వెళ్లి కూర్చునే తొందర నాకిప్పుడు లేదు.